బాక్టీరియాకు పేరు నిర్ణయించుట ఎట్లు? జన్యురాశుల పోలిక, సోయాచిక్కుడు రైతునకు దాని ఉపయోగము

సోయాచిక్కుడు విత్తనమునకు పట్టించుటకై రైజోబియం పొట్లము కొన్న రైతు దానిపై అచ్చువేసిన శాస్త్రీయ నామమును చదువుట అరుదు. ధర చూచును, గడువు తేదీ చూచును, సంచిలో వేసికొనును. అయితే ఆ పేరు వెనుక పెద్ద కథయే కలదు. ఈ బాక్టీరియాను మొదట రైజోబియం జపానికం అని పిలిచిరి. 1982లో దానిని బ్రాడీరైజోబియం అను కొత్త ప్రజాతిలో చేర్చిరి. 1992లో అందులోని కొన్నిటిని బ్రాడీరైజోబియం ఎల్కానీ అని వేరుచేసిరి. 2013లో లోకమంతట పరిశోధనలకు వాడబడు యు.ఎస్.డి.ఏ. 110 అను రకమునకు బ్రాడీరైజోబియం డయాజోఎఫిషియెన్స్ అను పేరు వచ్చినది. వేరు బుడిపెలోని జీవి ఏమాత్రము మారలేదు. దానిని చూచు మన చూపు మారినది.

ఈ మార్పులకు కారణమేమి, కామారెడ్డి జిల్లాలో మద్నూరు, జుక్కల్, బిచ్కుంద ప్రాంతముల నల్లరేగడి రైతునకు గాని, ఎల్లారెడ్డి వైపు వరి రైతునకు గాని వీటితో పనియేమి అను ప్రశ్నలు సహజముగా కలుగును. సమాధానము కొరకు మనము కొంతసేపు విశాఖపట్నము సముద్రతీరమునకు పోయి రావలసియున్నది. ఈ పద్ధతిని తేటగా చూపు ఉదాహరణము అక్కడి ఉప్పునీటిలోనే దొరికినది. దానిని తేల్చినవారు హైదరాబాదు శాస్త్రజ్ఞులే.

కంటికి కనబడని దానిని గుర్తించుట

ఆవును, గేదెను వేరుచేయుటకు కొమ్ములు చాలును. రెండు వరి రకములు నారుమడిలో ఒకేరీతిగా కనబడినను, వెన్ను వేయునాటికి అనుభవము గల రైతు వాటిని గుర్తుపట్టగలడు. బాక్టీరియాకు కొమ్ములు లేవు, వెన్నులు లేవు. సూక్ష్మదర్శినిలో చూచినచో కొన్ని చిన్న కడ్డీల వలె, కొన్ని గుండ్రముగా, కొన్ని వంకరగా కనబడును. వేలకొలది జాతులు ఒకే ఆకారములో నుండును. ఏ చక్కెరను తినగలదు, ఎంత ఉప్పును ఓర్చుకొనగలదు, ఏ వేడిలో పెరుగును, ఏ రంగు పట్టును అని పరీక్షించి వెనుకటి శాస్త్రజ్ఞులు వీటిని విభజించిరి. ఆ పరీక్షలు నేటికిని అవసరమే. అయితే దగ్గరి చుట్టములను విడదీయుటకు అవి చాలవు.

ప్రతి జీవకణములోను డి.ఎన్.ఏ. అను పదార్థము కలదు. దానిని రెండు పేటలు పెనవేసిన పగ్గముతో పోల్చవచ్చును. దానిపై ఏ, టి, జి, సి అను నాలుగు అక్షరములతో ఆ జీవి గుణములన్నియు వ్రాయబడి యుండును. ఈ వ్రాతయంతటిని కలిపి జన్యురాశి లేక జీనోము అందురు. పగ్గమును వేడిచేసినచో పేటలు విడిపోవును, చల్లార్చినచో మరల పెనవేసికొనును. రెండు బాక్టీరియాల పేటలను కలిపి చల్లార్చినపుడు అవి ఒకదానితో నొకటి ఎంతవరకు పెనవేసికొనునో కొలుచుట పాత పద్ధతి. నూటికి 70 పాళ్లు గాని, అంతకు మించి గాని కలిసినచో ఆ రెండును ఒకే జాతియని 1987లో శాస్త్రజ్ఞుల సంఘము నిర్ణయించినది. పద్ధతి మంచిదే. కాని ప్రతి జంటను విడివిడిగా పరీక్షింపవలెను. ఒక ప్రయోగశాలలో వచ్చిన అంకె మరియొక చోట రాకపోవుట కూడ కలదు. ఈనాడు చేసిన కొలత రేపటి కొత్త జీవితో పోల్చుటకు పనికిరాదు. మరల మొదటి నుండి చేయవలసినదే.

తరువాత 16ఎస్ అను ఒక్క జన్యువును చదువుట వాడుకలోనికి వచ్చినది. దాని పొడవు సుమారు 1500 అక్షరములు. బాక్టీరియాలన్నిటిలోను ఉండును గావున దానిని సులభముగా పోల్చవచ్చును. అమెరికా శాస్త్రజ్ఞుడు కార్ల్ వోజ్ ఈ రకపు జన్యువును పోల్చియే, 1977లో జార్జి ఫాక్స్‌తో కలిసి, బాక్టీరియా వలె కనబడుచు బాక్టీరియా కాని ఒక గొప్ప జీవవర్గమును బయటపెట్టెను. దూరపు చుట్టరికములకు ఈ జన్యువు మంచి సాక్షి. దగ్గరి చుట్టరికముల విషయమున దాని సాక్ష్యము నిలువదు. ఒక పొలము ఏ గ్రామమునకు చెందినదో తెలిసినంత మాత్రమున అది ఎవరి పట్టాయో తేలదు గదా. సర్వే నంబరు చూడవలెను, అందులోని బై నంబరు చూడవలెను, తగాదా వచ్చినచో గొలుసు పట్టి గట్టు గట్టునను కొలువవలెను.

గట్టు గట్టునను కొలుచుట

జన్యురాశి పోలిక యనగా ఇట్లు గొలుసు పట్టి కొలుచుటయే. ఒక బాక్టీరియా జన్యురాశి యావత్తును మొట్టమొదట చదివినది 1995లో. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అను ఆ జీవి వ్రాతలో సుమారు 18 లక్షల 30 వేల అక్షరములు కలవు. నాడు అది ప్రపంచమునకే వింత. నేడు మన విశ్వవిద్యాలయములలో పరిశోధన చేయు విద్యార్థులు దీనిని నిత్యము చేయుచున్నారు.

పోల్చు విధము అర్థము చేసికొనుటకు కష్టమైనది కాదు. మొదటి జీవి జన్యురాశిని ఒక్కొక్కటి సుమారు వేయి అక్షరముల ముక్కలుగా కోయుదురు. ఇది యంత్రగణనలో జరుగు కోతయే, కత్తితో పని లేదు. ప్రతి ముక్కకు రెండవ జీవిలో సరిపోలు భాగమును వెదకుదురు. వేయి అక్షరములలో 960 సరిపోయినచో ఆ ముక్కకు నూటికి 96 వచ్చినట్లు. ఇట్లు సరిపోలిన ముక్కలన్నిటి సగటును తీయుదురు. ఆ సగటు 95 లేక 96 దాటినచో ఆ రెండును ఒకే జాతి. అంతకు తగ్గినచో వేర్వేరు జాతులు. పాత పద్ధతిలోని 70 పాళ్లకు ఈ కొత్త పద్ధతిలోని 95 సమానమని 2007లో తేలినది. ఒకమారు చదివిన జన్యురాశిని దాచియుంచి, పది సంవత్సరముల తరువాత దొరకిన జీవితోనైనను పోల్చవచ్చును. దీనిలోని గొప్ప లాభమిదియే.

ఈ 95 అను గట్టును వేసినది మనుష్యులే గదా, ప్రకృతికి దానితో నేమి సంబంధము అని ఎవరైన అడిగినచో అది తగిన ప్రశ్నయే. 2018లో సుమారు 90 వేల జన్యురాశులను ఒకదానితో నొకటి పోల్చి చూచిరి. అత్యధిక భాగము జంటలు 95కు పైననో 83కు దిగువనో పడినవి. నడుమ పడినవి మిక్కిలి తక్కువ. అనగా గట్టు వేసిన చోటున నేల ముందుగనే కొంత తెగియున్నదని చెప్పవచ్చును. అయినను నడుమ పడు జీవులు కొన్ని లేకపోలేదు. వాటి విషయమున శాస్త్రజ్ఞులు నేటికిని వాదించుకొనుచునే యున్నారు.

విశాఖ తీరపు ఊదారంగు జీవులు

ఇక అసలు ఉదాహరణమునకు వత్తము. నీటి అడుగున, గాలి సోకని బురదలో, వెలుతురు మాత్రము అందు చోట పెరుగు ఒక బాక్టీరియా వర్గము కలదు. వీటి రంగు గులాబి, ఊదా, గోధుమ వర్ణములలో నుండును. సూర్యరశ్మితో బ్రదుకును గాని మొక్కల వలె ప్రాణవాయువును విడువవు. వీటి చుట్టములు మన చెరువుల అడుగునను, వరిమడుల బురదలోను కూడ కలవు. వాటిలో పలువురకు గాలిలోని నత్రజనిని పట్టు శక్తి కలదు.

ఈ వర్గములో రోడోబాక్టర్ అను ప్రజాతిని 1984లో ఏర్పరచిరి. అందులో మంచినీటివి, ఉప్పునీటివి కలిసియుండెను. 1994లో జపాను శాస్త్రజ్ఞులు హిరాయిషి, యుయెడా అనువారు సముద్రపు జీవులను విడదీసి వాటికి రోడోవులం అని పేరు పెట్టిరి. రోడో అనగా గులాబి రంగు, ఓవులం అనగా చిన్న గ్రుడ్డు. అన్నదమ్ముల భాగపంపిణీ అంతటితో ముగిసినదని తోచినది గాని, ముగియలేదు. మిగిలిన రోడోబాక్టర్ లోపల కూడ ఒకదానితో నొకటి పొసగని జీవులు కలవని అప్పటి నుండియే అనుమానముండెను.

జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందిన చింతలపాటి శశికళ, హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన చింతలపాటి వెంకటరమణ, వారి శిష్యులు అనేక సంవత్సరములుగా ఇట్టి బాక్టీరియాలను సేకరించుచున్నారు. విశాఖపట్నమున ఆటుపోటుల నీటి నుండి వారు వేరుచేసిన ఒక జీవికి 2007లో రోడోవులం విశాఖపట్నమెన్స్ అను పేరు వచ్చినది. భీమిలి పేరు గల మారిక్రొమేషియం భీమ్లికం అను జీవిని అదే సంవత్సరమున సముద్రపు నీటి పెంపకపు చెరువు నుండి వర్ణించిరి. మన ఊళ్ల పేర్లు ఇట్లు లోకమంతట శాస్త్రగ్రంథములలో నిలుచుట సంతోషకరమైన విషయము. ఆ 2007లోనే విశాఖ తీరపు మరియొక జీవికి రోడోబాక్టర్ వినయకుమారీ అని పేరు పెట్టిరి. ఉప్పునీటిలో దొరకినదైనను నాటి పరీక్షలను బట్టి అది రోడోబాక్టర్‌లోనే చేరినది.

తరువాత జన్యురాశులు చేతికి వచ్చినవి. ఈ హైదరాబాదు బృందమే రోడోబాక్టర్ జాతులన్నిటిని వరుసగా పెట్టి పోల్చినది. జాతులను విడదీయుటకు డి.ఎన్.ఏ. అక్షరముల సగటు చాలును గాని, ప్రజాతుల వంటి పెద్ద కుటుంబములను విడదీయుటకు అంత చాలదు. అక్షరములు మరీ దూరముగా మారియుండును. అందుచేత ఆ జన్యువులు తయారుచేయు మాంసకృత్తుల వరుసలను పోల్చిరి. అన్నిటిలోను సమానముగా నున్న జన్యువులను ఏరి వంశవృక్షమును గీసిరి. ఒకే పేరు క్రింద నున్నవి నిజముగా పలు కుటుంబములని తేలినది. 2019లో వారు ఈ భాగపంపిణీని ప్రకటించిరి. 1994 నుండి లెక్కించినచో పాతికేండ్ల తగాదా అది. అందులో వినయకుమారీ రోడోబాక్టర్‌ను విడిచి, ఫియోవులం అను కొత్త ప్రజాతికి పోయినది. తాము చేర్చిన పేరును తామే మార్చుటకు ఈ శాస్త్రజ్ఞులు వెనుదీయకపోవుట గమనింపదగినది.

రొయ్యల చెరువు చెప్పు పాఠము

సముద్రపు బాక్టీరియాలలో పేరు తప్పినందువలన కలుగు చిక్కులకు విబ్రియో జాతులు మరియొక సాక్ష్యము. రొయ్యపిల్లల కేంద్రములలో రాత్రివేళ నీరు మెరయుచు పిల్లలు చచ్చుట కలదు. ఆ మెరుపు తెగులునకు విబ్రియో హార్వేయీ కారణమని చెప్పుచుండెడివారు. దీని పక్కవాటాదారు విబ్రియో క్యాంప్‌బెల్లీ. పాత పరీక్షలలో ఈ రెంటిని విడదీయుట మిక్కిలి కష్టము. బి.బి. 120 అను ప్రసిద్ధమైన రకముపై అనేక సంవత్సరములు పరిశోధనలు జరిగినవి. అవన్నియు హార్వేయీ పేరుతోనే అచ్చయినవి. 2010లో జన్యురాశి పోలికతో అది క్యాంప్‌బెల్లీ యని తేలినది. చదివినవారందరు పాత వ్యాసములను తిరిగి సరిచూచుకొనవలసి వచ్చినది.

అయితే పేరు సరియైనంత మాత్రమున పని ముగియదని కూడ రొయ్యల చెరువే నేర్పినది. 2009లో చైనాలో మొదట కనబడిన ఒక తెగులు, పిల్ల వదలిన మొదటి నెలలోనే చెరువులను ఖాళీ చేసినది. దానికి మూలము విబ్రియో పారాహీమోలిటికస్ అని తెలిసినది. కాని ఆ జాతిలోని జీవులన్నియు ఈ తెగులును కలిగింపవు. విషమును తయారుచేయు జన్యువులు సుమారు 70 వేల అక్షరములు గల ఒక చిన్న వలయములో నున్నవి. దీనిని ప్లాస్మిడ్ అందురు. ఈ వలయము ఒక బాక్టీరియా నుండి మరియొక దానికి పోగలదు. క్యాంప్‌బెల్లీలోను, మరి కొన్ని చుట్టపు జాతులలోను దొరకినది. పొలము పట్టా ఒకరిది, అందులోని బావి మోటారు ఎరువు తెచ్చినది అన్నట్లు. పట్టా పుస్తకము చూచినచో మోటారు సంగతి తెలియదు.

వరిమడిలో

ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట వైపు పోచారము క్రింద, నిజాంసాగరు ఆయకట్టు క్రింద వరి వేయు రైతులకు బాక్టీరియా ఎండాకు తెగులు తెలిసినదే. ఆకు కొన నుండి అంచుల వెంబడి అలల వలె గడ్డిరంగు మచ్చ దిగును. ఉదయము పాలవంటి చుక్కలు కనబడి, ఎండకు పసుపుపచ్చని ఉండలుగా గట్టిపడును. ఇంకొకటి ఆకు చార తెగులు. ఇందులో ఈనెల నడుమ సన్నని, వెలుతురు పారు చారలు పడును. రెంటికిని కారణము జాంథోమోనాస్ ఒరైజే అను ఒకే జాతి. జన్యురాశులను పోల్చినచో రెండును 95 గట్టునకు చాల పైననే యున్నవి. అయినను ఒకటి ఆకు అంచు రంధ్రముల ద్వారా నీటి నాళములలో దిగును, రెండవది ఆకు శ్వాసరంధ్రముల ద్వారా చొచ్చి నాళముల నడుమనే ఆగిపోవును. ఒకే జాతి యనుటకు అర్థము ఒకే నడవడి అని కాదు.

ఈ తేడా రకమును ఎన్నుకొనుటలో పనికివచ్చును. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంస్థలు కలిసి రూపొందించిన ఇంప్రూవ్డ్ సాంబమసూరి 2008లో విడుదలయ్యెను. ఎండాకు తెగులును తట్టుకొను మూడు జన్యువులను అందులో చేర్చిరి. ఆ జన్యువులు ఎండాకు తెగులును ఉద్దేశించినవి. చారలు చూచి ఎండాకు తెగులని భ్రమించి, రకము నిలువలేదని నిందించుట సరికాదు. అనుమానము కలిగినచో తెగులు సోకిన ఆకును అంచు వద్ద కోసి, గాజు గ్లాసులోని తేట నీటిలో కొంతసేపు నిలిపి చూడుడు. కోత నుండి పాలవంటి దారము దిగినచో బాక్టీరియా తెగులే. శిలీంధ్రపు తెగులైనచో అట్లు దిగదు. తెగులు కనబడిన మడికి యూరియా వేయుట ఆపవలెను, ఆ మడి నీరు పక్క మడికి పారకుండ చూడవలెను.

మరల సోయాచిక్కుడు పొట్లము వద్దకు

యు.ఎస్.డి.ఏ. 110 జన్యురాశిని 2002లో జపానులో పూర్తిగా చదివిరి. సుమారు 91 లక్షల అక్షరములు. ఇది హీమోఫిలస్‌కు ఐదింతలు. నేలలో ఒంటరిగా బ్రదుకుటకును, వేరులో చొచ్చి బుడిపె కట్టుటకును రెండు రకముల జీవితమునకు కావలసిన సామగ్రి అందులో నున్నది. బుడిపె కట్టు జన్యువులు, నత్రజనిని పట్టు జన్యువులు చాల వరకు ఒకే చోట గుంపుగా నున్నవి. ఇట్టి గుంపులు కూడ విబ్రియో వలయము వలె నేలలో ఒక బాక్టీరియా నుండి మరియొక దానికి పోవుట కలదు. కాబట్టి పొట్లము మీద జపానికం అని యున్నను, డయాజోఎఫిషియెన్స్ అని యున్నను రైతు కలవరపడనక్కరలేదు. పాత పేరు వ్రాసిన పొట్లము నకిలీ యని అనుకొనరాదు. చూడవలసినది ఏ పంటకు ఉద్దేశించినదో.

ఈ సంగతిని కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. పెసర, మినుము, కంది, అలసంద, వేరుశనగలకు బుడిపె కట్టు బాక్టీరియాలు మన నేలలలో సహజముగా నుండును. సోయాచిక్కుడు మన ప్రాంతపు పాత పంట కాదు. మునుపెన్నడును సోయా వేయని చేనిలో దానికి తగిన బాక్టీరియా చాలినంతగా నుండునని నమ్మరాదు. యాసంగి శనగ సంగతి మరియొకటి. దాని బాక్టీరియా మీసోరైజోబియం అను వేరు ప్రజాతికి చెందినది. శనగ పొట్లము సోయాకు పట్టించిన రైతు డబ్బును మట్టిలో పోసినట్లే. దుకాణదారు అన్నియు ఒకటేనని చెప్పినను ఒప్పుకొనకుడు.

జీవన ఎరువులను 2006లో ప్రభుత్వము ఎరువుల నియంత్రణ ఉత్తర్వు క్రిందికి తెచ్చినది. దాని ప్రకారము పొడి రూపములోని రైజోబియం గ్రాముకు 5 కోట్లకు, ద్రవరూపమైనచో మిల్లీలీటరుకు 10 కోట్లకు తగ్గకుండ సజీవ కణములు ఉండవలెను. పొట్లము మీద చెప్పిన పంటలన్నిటి వేళ్లపైన బుడిపెలు కట్టించవలెను. ఎండలో, వేడి రేకుల షెడ్డులో నిలువయుంచిన పొట్లములో ఈ లెక్క మిగులదు.

పట్టించు విధము సులభమే. బెల్లమునకు పేరుపొందిన కామారెడ్డిలో బంక కొరకు వెదకనక్కరలేదు. కొద్ది బెల్లమును నీటిలో మరగించి, పూర్తిగా చల్లార్చవలెను. వెచ్చగా నున్నప్పుడు కలిపినచో బాక్టీరియా చచ్చును. పొడిని అందులో కలిపి, పొట్లముపై చెప్పిన తూకపు విత్తనమునకు మెల్లగా పట్టించవలెను. గట్టిగా రుద్దినచో సోయా విత్తనపు పలుచని పొర చిట్లి మొలక చెడును. తెగుళ్ల మందు పట్టించదలచినచో దానిని ముందు పట్టించి ఆరబెట్టి, కల్చరును చివర పట్టించవలెను. నీడలో ఆరబెట్టి ఆనాడే విత్తవలెను. రసాయనపు ఎరువుతో కలిపి విత్తరాదు.

పని జరిగినదో లేదో తెలిసికొనుటకు జన్యురాశిని చదువ నక్కరలేదు. విత్తునపుడు చేనిలో ఒక అంచున నాలుగైదు సాళ్లు కల్చరు పట్టించని విత్తనముతో ముందుగా విత్తి, గుర్తుకు కొయ్య పాతుడు. ముందుగా అని చెప్పుటకు కారణము, కల్చరు అంటిన గొర్రుతో, చేతులతో ఆ సాళ్లు విత్తినచో పోలిక చెడును. ముప్పదియైదు, నలువది దినములకు నేల తడిగా నున్నపుడు రెండు చోట్ల నుండియు పదేసి మొక్కలను పారతో మట్టిగడ్డతో సహా తీయుడు. చేతితో పీకినచో బుడిపెలు నేలలోనే తెగిపోవును. మట్టిని నీటిలో కడిగి, తల్లివేరు మీద, దాని మొదటి పక్కవేళ్ల మీద ఎన్ని బుడిపెలున్నవో లెక్కించుడు. నాలుగైదింటిని గోటితో చీల్చి చూడుడు. లోపల గులాబి లేక ఎరుపు రంగున్నచో నత్రజనిని పట్టుచున్నది. తెల్లగాను, పచ్చగాను ఉన్నచో పని చేయుట లేదు. రెండు చోట్లను సమానముగా ఎర్రని బుడిపెలున్నచో, వెనుక వేసిన సోయా పంటల నాటి బాక్టీరియా మీ నేలలో స్థిరపడియున్నదని అర్థము. పట్టించిన సాళ్లలోను బుడిపెలు లేనిచో, ఖాళీ పొట్లమును, దానిపైనున్న తయారీ తేదీని, లాటు నంబరును పారవేయక దాచి, కడిగిన మొక్కలతో సహా మీ మండల వ్యవసాయాధికారికి చూపుడు.